ఇసుకలో గుల్లల నెంచిన దోర్బిన్యీ

మన మణికొండలో గండశిలలకు కొదువ లేదు గాని, గవ్వ లేరుకొనుటకు సముద్రతీరము లేదు. తీరపు టిసుకలోని యణుమాత్రపు గుల్లలను చూచుచు పెరిగిన యొక ఫ్రెంచి పండితుని చరిత్రమును మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

ఆల్సిద్ దోర్బిన్యీ 1802 సంవత్సరమున నాంత్ నగరసమీపమున జన్మించెను. తండ్రి వైద్యుడు, తీరమునందలి సూక్ష్మజీవులను పరీక్షించుటయం దభిరుచి కలిగించినవా డాయనయే. ఆ గుల్లలలో పెక్కు ఆవగింజకన్న చిన్నవి. వానిలో గదులుండును. కొన్నిట నవి వరుసగా, కొన్నిట జడవలె, కొన్నిట నత్తగుల్లవలె చుట్టుకొని యుండును. ఈ యమరికనుబట్టియే యతడు వానిని తెగలుగా విభజించెను. గదికిని గదికిని నడుమ రంధ్రముండుటచే 1826లో ఫొరామినిఫెరా యని పేరిడెను. కంటి కానని యా రూపములను జనులకు చూపుటకై నూరింటిని పెద్దవిగా చెక్కి ప్లాస్టరుతో పోతపోయించెను. ఈ యోపికయే మాకు మిక్కిలి నచ్చినది.

అయితే లోని ప్రాణి ఆక్టోపసు, నాటిలసుల కులమునకు చెందిన దని యతడు తలచెను. 1835లో ఫెలిక్సు దుజార్దిన్ సజీవప్రాణులను పరీక్షించి, వానికి తలయు నవయవములును లేవనియు, జిగటదారములను చాచు మెత్తని పదార్థమే యనియు చూపెను. నేడు వానిని అమీబావంటి ఏకకణజీవులందుము. ఎనిమిదేండ్లు దక్షిణామెరికాలో తిరిగి 1834లో వచ్చిన దోర్బిన్యీకి పునాదియే కదలినది. అయినను మొండిపట్టు పట్టక, 1839లో వానిని ప్రత్యేకవర్గముగా వేరుపరచెను. నేటి పండితులు గుల్లగోడయందలి పదార్థమును, జన్యువులను గూడ పరిశీలింతురు గాని, ఆ పేరు మారలేదు.

1853లో పారిసు మ్యూజియమున శిలాజశాస్త్రమునకు మొదటి యాచార్యుడై, 1857లో మరణించెను. నూనెబావులు త్రవ్వువారు శిలల వయస్సు నెరుగుటకు నేడును ఆ చిన్నగుల్లలనే వెదకుచుందురు.