అమ్మను పనిమనిషిని చేసిన రంగు

ఖరగ్‌పూర్‌లో పెరిగిన తెలుగువాళ్లకు ఆంగ్లో-ఇండియన్లు కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో అక్కడ ఉద్యోగమైనా, క్వార్టరైనా జాతిని బట్టే. ఆ రంగు లెక్కే హాలీవుడ్ నటి మెర్ల్ ఒబెరాన్‌ను జీవితాంతం వెంటాడింది. ఆమె తండ్రిగా చెప్పే ఆర్థర్ థాంప్సన్ కూడా రైల్వే ఇంజినీరే.

1911లో బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పేదరికంలో పెరిగింది. అసలు పేరు ఎస్టెల్. కొన్నాళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి, ఇంగ్లండ్ చేరింది. 1933లో ఆన్ బొలీన్ వేషంతో వెలుగులోకి వచ్చింది. ‘ద డార్క్ ఏంజెల్’ (1935) ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 1939లో ‘వుదరింగ్ హైట్స్’, 1950లలో టీవీ.

తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమను తెరపై చూపడమే హాలీవుడ్ నియమావళి నిషేధించిన కాలమది. నిజం చెబితే కథానాయిక వేషాలు దక్కేవి కావు. అందుకే ఆమె టాస్మేనియాలో పుట్టిన తెల్లపిల్ల అయింది. అమ్మ అని పిలుచుకున్న షార్లెట్ (నిజానికి అమ్మమ్మ) అతిథుల ముందు పనిమనిషి. ఆవిడ 1937లో పోయింది. తర్వాత ఒబెరాన్ గీయించుకున్న షార్లెట్ చిత్రపటంలోనూ ఒంటిరంగు తెలుపే!

1978లో టాస్మేనియా రాజధాని హోబార్ట్ ఆమెను సొంతూరి బిడ్డగా ఆహ్వానించింది. మరుసటి ఏడాది ఆమె కన్నుమూసింది. 1983లో వెలువడిన జీవితచరిత్రతో గుట్టు రట్టయింది.