వేమన పద్యాలు – బ్రౌను దొరగారి పాఠశోధన

వేదాంత కళాశాలలో క్రొత్త నిబంధన ప్రాచీన ప్రతులను గూర్చి చదువుకొన్న రోజులలో, ఒక ప్రతిలో ఉన్న మాట మరొక ప్రతిలో లేకపోతే ఏది మూలమని మేము చాలా కలతపడ్డాము. ఆ చిక్కునే మన తెలుగునాట, తాటాకు కట్టల మధ్య కూర్చుని ఎదుర్కొన్న క్రైస్తవుడొకరున్నారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌను గారు.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి రెవరెండు డేవిడ్ బ్రౌను గారు అక్కడ పాదిరి. కుమారునికి చిన్నతనముననే హెబ్రీ మొదలైన భాషలు నేర్పించారు. 1812లో తండ్రి మరణించగా కుటుంబము ఇంగ్లండు చేరింది. 1817లో కంపెనీ ఉద్యోగిగా చెన్నపట్టణము వచ్చిన ఈ యువకునికి తెలుగు చెప్పినవారు వెలగపూడి కోదండరామ పంతులు గారు. 1820లో కడపకు ఉద్యోగముపై పంపబడ్డారు.

వేమన పేరు ఆయనకు తెలుగు పండితుల వలన తెలియలేదు. దుబోయి అను ఫ్రెంచి కథోలిక గురువు వ్రాసిన పుస్తకములో చూచి తెలుసుకున్నారట! పండితులు వేమనను కవిగా లెక్కపెట్టని కాలమది. 1824లో మచిలీపట్టణములో ఉండగా బ్రౌను గారు వేమన పద్యాల ప్రతులను సేకరింప నారంభించారు.

కష్టమంతా అక్కడే మొదలైంది. ఏ రెండు ప్రతులూ ఏకీభవించవు. పద్యాల వరుస వేరు, మాటలు వేరు. పైగా వేమన పద్యాలలో చివరి పాదము మకుటము గనుక, ఎవరైనా మూడు పాదాలల్లి ఆ మకుటము తగిలిస్తే వేమన పద్యమైపోతుంది. జీతమిచ్చి పెట్టుకొన్న పండితులచేత ఆయన ప్రతులను వ్రాయించి, సరిపోల్చి, పాఠభేదాలు పరిశీలించి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించారు. 1839 నాటి కూర్పులో అవి 1,164 అయినవి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బ్రౌను గారు ఒక ప్రతినుండి ఒక పాదము, మరొక ప్రతినుండి మరొక పాదము తమకు నచ్చినట్లు ఎన్నుకొన్న చోట్లున్నవి. అందుచేత ఆయన అచ్చువేసిన పాఠము కొన్నిచోట్ల ఏ ఒక్క ప్రతిలోనూ కనబడదు. మా గురువులైతే దీనిని ఒప్పుకొనేవారు కారు. అయినను ఆ శ్రమ లేకపోతే ఎన్ని పద్యాలు చెదలపాలయ్యేవో!

కడపలో ఒక బంగళా కొని, పండితులను కూర్చి, వారి జీతాలకు అప్పులు కూడా చేశారు. జూలూరి అప్పయ్య పండితులచేత వసుచరిత్రకు, మనుచరిత్రకు వ్యాఖ్యలు వ్రాయించారు. లండనులో కంపెనీవారి గ్రంథాలయములో పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులు 2,000కు పైగా చెన్నపట్టణమునకు పంపించినదీ ఆయనే. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రణాలయములో అచ్చయినది. మా బల్లమీద ఈనాటికీ అదే ఉన్నది; ప్రసంగము సిద్ధపరచునప్పుడు ఒక పాత మాట అర్థము కాకపోతే దానినే తెరుస్తాము.

ఉద్యోగము విరమించి ఇంగ్లండు వెళ్లిన తరువాత లండను విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12న లండనులో నిద్రించారు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలములో నేడు ఆయన పేర గ్రంథాలయమున్నది. అక్కడికి వెళ్లే మన సంఘ యువకులు అప్పయ్య గారి పేరు కూడా అడిగి తెలుసుకొంటే మాకు సంతోషము.