ఫ్రాంజ్ మెస్మర్: హిస్టీరియాకు అయస్కాంతంతో చికిత్స చేసిన వైద్యుడు

ఒక పాట, ఒక సినిమా ప్రేక్షకులను కట్టిపడేస్తే అది మెస్మరైజ్ చేసిందని రాయడం తెలుగు పత్రికలకు అలవాటే. ఆ మాట ఒక మనిషి ఇంటిపేరు నుంచి పుట్టిందన్న సంగతి చాలామందికి గుర్తు ఉండదు. ఆయన ఇంద్రజాలికుడు కాదు, వియన్నా విశ్వవిద్యాలయంలో పట్టా పొందిన వైద్యుడు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్. ఆయన పేరును యూరప్ అంతటా మారుమోగించింది హిస్టీరియా అనే వ్యాధి, దానితో బాధపడుతూ ఆయన వద్దకు వచ్చిన స్త్రీలు. వారి బాధకు కారణమేమిటన్న ప్రశ్నపై నాటి మేధావులు తీవ్రంగా వాదించుకున్నారు. ఆ వాదంలో రోగుల మాటకు మాత్రం పెద్దగా చోటు దక్కలేదు.

మెస్మర్ 1734 మే 23న కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున, నేటి జర్మనీలోని ఇట్స్‌నాంగ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి బిషప్ సంస్థానంలో అడవుల సంరక్షకుడు. డిలింగెన్, ఇంగోల్‌స్టాట్ నగరాల్లో చదివిన తరువాత మెస్మర్ వియన్నా చేరి వైద్యవిద్యను అభ్యసించారు. 1766లో గ్రహాలు మానవ శరీరంపై చూపే ప్రభావం గురించి సిద్ధాంత వ్యాసం సమర్పించి డాక్టరేట్ పొందారు. ఆ వ్యాసంలో చాలా భాగం ఇంగ్లండ్ వైద్యుడు రిచర్డ్ మీడ్ రచన నుంచి గ్రహించినదేనని తరువాతి కాలపు పరిశోధకులు తేల్చారు. 1768లో సంపన్న వితంతువు అన్నా మరియా ఫోన్ పోష్‌ను వివాహం చేసుకోవడంతో ఆయనకు నగరంలో విశాలమైన భవనం, ఉన్నత వర్గాల పరిచయాలు సమకూరాయి. మోజార్ట్ కుటుంబం కూడా ఆయన మిత్రబృందంలో ఉండేది.

ఇంగువ, జలగలు, స్నానాలు

మెస్మర్ వైద్యం మొదలుపెట్టే నాటికి హిస్టీరియా అనే పేరుకు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. గ్రీకు భాషలో గర్భాశయాన్ని సూచించే పదమే దానికి మూలం. గర్భాశయం చోటు తప్పి పైకి కదలడం వల్లనే స్త్రీలకు ఊపిరాడకపోవడం, మూర్ఛ కలుగుతాయని ప్రాచీనులు నమ్మారు. 17వ శతాబ్దిలో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఈ నమ్మకాన్ని పక్కనపెట్టి, పురుషులలో హైపోకాండ్రియాగా పిలిచే జబ్బూ ఇదీ దాదాపు ఒకటేనని వాదించారు. 18వ శతాబ్దిలో స్కాట్లండ్ వైద్యులు రాబర్ట్ విట్, విలియం కల్లెన్ వంటివారు చూపును నాడీమండలం వైపు మళ్లించారు. సిద్ధాంతం మారింది గానీ స్త్రీల శరీరం సున్నితమైనదని, వారి నాడులు సులభంగా చలిస్తాయని, కాబట్టి ఈ వ్యాధి ప్రధానంగా వారిదేనని చెప్పే ధోరణి మారలేదు.

వ్యాధి నిర్ణయానికి అప్పటి వైద్యుల చేతిలో పరికరాలు లేవు. స్టెతస్కోపు కూడా 1816లో గానీ రాలేదు. నాడి చూడడం, మూత్రాన్ని పరిశీలించడం, రోగి చెప్పేది వినడం, అంతకుమించి ఇంట్లోవారు చెప్పేది వినడం, ఇవే మార్గాలు. గొంతులోకి ఉండలాంటిదేదో ఎగదన్నుకు వచ్చినట్టు అనిపించడం ఈ వ్యాధికి ముఖ్య లక్షణంగా భావించేవారు. కారణం లేకుండా ఏడుపు, నవ్వు, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, మాట పడిపోవడం, కొద్దిరోజులు అంగాలు చచ్చుబడటం, తలనొప్పి, కడుపుబ్బరం కూడా ఇదే జాబితాలో చేరాయి. ఏ లక్షణానికైనా చోటిచ్చే వ్యాధి కనుక, అంతుచిక్కని ప్రతి బాధకూ ఆ పేరు పెట్టడం వైద్యులకు సులువైంది.

చికిత్స కఠినంగా ఉండేది. నరం కోసి గానీ జలగలు పట్టించి గానీ రక్తం తీసేవారు. విరేచనాలకు, వాంతులకు మందులు ఇచ్చేవారు. మన వంటింట్లో పోపులోకి వేసే ఇంగువ ఆనాడు యూరప్ మందుల దుకాణాల్లో హిస్టీరియాకు ప్రధాన ఔషధం. దాని ఘాటైన వాసన గర్భాశయాన్ని కిందికి తరుముతుందన్న పాత నమ్మకం, నాడులను శాంతపరుస్తుందన్న కొత్త వివరణ రెండూ దానికి తోడయ్యాయి. వలేరియన్ వేరు, నల్లమందు కూడా వాడుకలో ఉండేవి. ఎండిన తోలు నీటిలో నానితే మెత్తబడినట్టే బిగిసిన నాడులూ సడలుతాయంటూ ఫ్రెంచ్ వైద్యుడు పియర్ పొమ్ రోగులను రోజుకు పది, పన్నెండు గంటలపాటు, నెలల తరబడి స్నానపు తొట్టెల్లో ఉంచేవారు. అవివాహితలకు, వితంతువులకు పెళ్లి చేసుకొమ్మని సలహా ఇవ్వడమూ వైద్యంలో భాగమే.

ఓస్టర్లిన్ నుంచి పరాడిస్ వరకు

1774లో మెస్మర్ ఇంట ఫ్రాన్సిస్కా ఓస్టర్లిన్ అనే యువతి చికిత్స పొందుతున్నారు. మూర్ఛలు, వాంతులు, భరించలేని పంటిపోటు, చెవిపోటు, తాత్కాలికంగా చూపు పోవడం, రోజుల తరబడి అంగాలు చచ్చుబడటం ఆమెను వేధిస్తున్నాయి. తెలిసిన మందులన్నీ విఫలమయ్యాక మెస్మర్ కొత్త ప్రయత్నం చేశారు. జెసూట్ ఖగోళ శాస్త్రవేత్త మాక్సిమిలియన్ హెల్ తయారుచేసిన అయస్కాంతాలను తెప్పించి, ఇనుము కలిసిన మందు తాగించి, ఆమె ఛాతీకి, కాళ్లకు వాటిని కట్టారు. శరీరంలో ఏదో ప్రవాహం కిందికి సాగుతున్నట్టు ఆమె చెప్పారు. ముందు బాధ తీవ్రమై, తరువాత తగ్గింది. చికిత్స కొనసాగేకొద్దీ ఆమె కోలుకున్నారు.

ఘనత అయస్కాంతాలదని హెల్ ప్రకటించారు. మెస్మర్ అంగీకరించలేదు. విశ్వమంతా వ్యాపించిన ఒక సూక్ష్మ ద్రవం ప్రాణుల దేహాల్లోనూ ప్రవహిస్తుందని, దానికి అడ్డంకి ఏర్పడటమే వ్యాధి అని, వైద్యుడు తన శక్తితో ఆ అడ్డంకిని తొలగించగలడని ఆయన సిద్ధాంతం. దానికి యానిమల్ మాగ్నెటిజం, అంటే ప్రాణి అయస్కాంత శక్తి అని పేరు పెట్టారు. క్రమంగా అయస్కాంతాలు కూడా అక్కరలేదని, చేతి కదలికే చాలని నిర్ణయించుకున్నారు. 1775లో దయ్యాలను వెళ్లగొట్టి రోగాలు నయం చేస్తున్న గాస్నర్ అనే మతగురువు ఉదంతంపై బవేరియా పాలకుడు మెస్మర్ అభిప్రాయం కోరారు. గాస్నర్ తనకు తెలియకుండానే ఈ శక్తిని వాడుతున్నారని మెస్మర్ బదులిచ్చారు. దయ్యం స్థానంలో ద్రవం వచ్చింది. బవేరియా అకాడమీ ఆయనకు సభ్యత్వం ఇచ్చింది.

1777 నాటి మరొక ఉదంతం ఆయనను వియన్నా విడిచేలా చేసింది. మరియా తెరేసియా పరాడిస్ 18 ఏళ్ల పియానో విద్వాంసురాలు. పసితనంలోనే చూపు పోయింది. మహారాణి ఆమెకు భృతి మంజూరు చేశారు. ఆస్థాన వైద్యులు జలగలతో, తలకు వేసే పట్లతో, విద్యుత్ ఘాతాలతో ఏళ్ల తరబడి ప్రయత్నించి విఫలమయ్యారు. మెస్మర్ ఇంట ఉండగా ఆమెకు కొంత చూపు వచ్చిందని ఆయన, మొదట్లో ఆమె తండ్రి కూడా ప్రకటించారు. చూపు రాలేదని ప్రత్యర్థి వైద్యులు ఖండించారు. వెలుగు ఆమెను కలవరపెట్టిందని, వేళ్లు పియానో మెట్లపై తడబడ్డాయని ఆనాటి కథనాలు చెబుతాయి. భృతి పోతుందన్న భయం తల్లిదండ్రులను ఆవరించిందని మెస్మర్ ఆరోపణ. చివరకు వారు కూతురిని వెనక్కి తీసుకెళ్లారు. ఆమె అంధురాలిగానే మిగిలారు. అయినా యూరప్ నగరాల్లో కచేరీలు చేసి, స్వరకల్పన చేసి, 1808లో వియన్నాలో సంగీత పాఠశాల స్థాపించారు.

పారిస్ వైభవం, విచారణ

1778 ఫిబ్రవరిలో మెస్మర్ పారిస్ చేరారు. మరుసటి ఏడాది 27 సూత్రాలతో తన సిద్ధాంతాన్ని ప్రచురించారు. రాజు సోదరుడి వైద్యుడు షార్ల్ దెస్లోన్ ఆయనకు శిష్యుడయ్యారు. రోగుల తాకిడి పెరగడంతో బాకే అనే పెద్ద చెక్క తొట్టెను రూపొందించారు. అందులో అయస్కాంత శక్తి నింపామని చెప్పే నీటి సీసాలు ఉండేవి. మూతలోంచి పైకి వచ్చిన ఇనుప కడ్డీలను రోగులు నొప్పి ఉన్నచోట ఆనించుకునేవారు. మసక వెలుతురు, గ్లాస్ హార్మోనికా సంగీతం మధ్య ఊదారంగు పట్టు అంగీ ధరించి మెస్మర్ వారి మధ్య తిరిగేవారు. కొద్దిసేపటికి ఒకరు వణికేవారు, ఇంకొకరు పూనకం వచ్చినట్టు ఊగిపోయేవారు. ఈ స్థితి చికిత్సకు అవసరమని ఆయన బోధ. ఉద్రేకం మితిమీరిన వారిని మెత్తలు పరిచిన గదికి తరలించేవారు. వచ్చిన వారిలో అధికులు స్త్రీలే. రక్తం తీయించుకుని, విరేచనాలతో నీరసించి, ఇంట్లోవారి విసుగును భరించిన వారికి ఇక్కడ తమ బాధను శ్రద్ధగా పట్టించుకునే వైద్యుడు దొరికారు.

ప్రభుత్వం ఏటా 20 వేల లివ్ర్‌ల భృతి ఇవ్వజూపినా మెస్మర్ షరతులకు ఒప్పుకోక తిరస్కరించారు. 1783లో శిష్యులు ఆయన పేర సంఘం స్థాపించి, ఒక్కొక్కరు 100 లూయీల బంగారు నాణేలు చెల్లించి రహస్యం నేర్చుకున్నారు. వివాదం ముదరడంతో 1784 మార్చిలో పదహారో లూయీ విచారణ సంఘాన్ని నియమించారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోసియే, ఖగోళ శాస్త్రవేత్త బాయీ, వైద్యుడు గియోతెన్ అందులో సభ్యులు. మెస్మర్ సహకరించలేదు. దెస్లోన్ ముందుకొచ్చారు.

సంఘం అనుసరించిన పద్ధతి వైద్య చరిత్రలో మైలురాయి. రోగుల కళ్లకు గంతలు కట్టారు. పాసీలో ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో దెస్లోన్ ఒక చెట్టుకు శక్తి ఎక్కించగా, 12 ఏళ్ల బాలుడు ఆ చెట్టుకు దూరంగా, వేరొక చెట్టు దగ్గరే స్పృహ తప్పాడు. ఒక కుట్టుపని యువతికి కాగితపు తలుపు చాటు నుంచి ఆమెకు తెలియకుండా శక్తి ప్రసరింపజేస్తే అరగంటసేపు హాయిగా కబుర్లు చెప్పింది. ఎదుట నిలబడి చేస్తే నిమిషాల్లో వణికిపోయింది. ద్రవం అనేది లేదని, స్పర్శ, ఊహ, అనుకరణ మాత్రమే ఈ ఫలితాలకు కారణమని ఆగస్టులో సంఘం ప్రకటించింది. మందు పనిచేసిందా, నమ్మకం పనిచేసిందా అని వేరుచేసి చూసే నేటి పరీక్షలకు ఈ ప్రయోగాలను తొలి రూపంగా పరిగణిస్తారు.

సంఘం రాజుకు మరో రహస్య నివేదిక కూడా ఇచ్చింది. శక్తి ప్రసరింపజేసేది పురుషులు, రోగులు ఎక్కువగా స్త్రీలు, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చునే ఈ పద్ధతి నైతికతకు ప్రమాదమని దాని సారాంశం. ఆ హెచ్చరికలో న్యాయం లేకపోలేదు. కానీ స్త్రీల నాడులు మరింత చంచలమని, వారి ఊహ మరింత ఉద్రిక్తమని అందులోనూ పాత మాటే వినిపించింది. ఊహ ఒక మనిషిని కుప్పకూల్చగలిగితే, అదే ఊహ బాధను తగ్గించగలదా అన్న ప్రశ్నను సంఘం వదిలేసింది. వైద్య సంస్థ తరఫున వేసిన రెండో సంఘంలో వృక్షశాస్త్రవేత్త జ్యూసియే మాత్రం కొన్ని ఫలితాలను మరింత పరిశీలించాలని విడిగా నివేదిక ఇచ్చారు.

మిగిలిపోయినది

అపహాస్యం పాలైన మెస్మర్ 1785లో పారిస్ వీడారు. తరువాతి ఏళ్లు దేశాలు తిరిగి, చివరకు పుట్టిన సరస్సు తీరానికే చేరారు. 1815 మార్చి 5న మేర్స్‌బుర్గ్‌లో 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ద్రవం ఉందన్న నమ్మకాన్ని ఆఖరి వరకు వదులుకోలేదు.

ఆయన పద్ధతి మాత్రం ఆయన ఊహించని దారులు పట్టింది. 1784లోనే శిష్యుడు పుయీసెగూర్ రోగిని మూర్ఛకు బదులు ప్రశాంతమైన నిద్రలాంటి స్థితిలోకి పంపవచ్చని గమనించారు. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో వైద్యుడు జేమ్స్ ఎస్డేల్ ఈ పద్ధతిలో రోగులను నిద్రపుచ్చి శస్త్రచికిత్సలు చేశారు. మరుసటి ఏడాది కలకత్తాలో ఇందుకోసమే ఒక ఆసుపత్రి వెలిసింది. ఈథర్, క్లోరోఫాం రాకతో దాని అవసరం తీరింది. అదే దశకంలో జేమ్స్ బ్రెయిడ్ ద్రవం ఊసు లేకుండా దానికి హిప్నాటిజం అని పేరు పెట్టారు. పారిస్‌లో షార్కో దానితో హిస్టీరియాను అధ్యయనం చేశారు. ఆయన వద్ద కొంతకాలం ఉన్న ఫ్రాయిడ్ ఆపై రోగి మాటను వినడాన్నే చికిత్సగా మలిచారు.

1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణ నుంచి హిస్టీరియా పేరును తొలగించింది. స్కానింగ్‌లో గాయమేదీ కనిపించకపోయినా కాళ్లు చచ్చుబడటం, మూర్ఛలు రావడం నటన కాదని, నాడీమండలం పనితీరులో కలిగే నిజమైన లోపమని నేటి వైద్యం అంగీకరిస్తోంది. మెస్మర్ కారణాన్ని తప్పుగా చెప్పారు. ఆయనను ఓడించినవారు ఆ తప్పును సరిగ్గా పట్టుకున్నారు. అయితే ద్రవం లేదని తేలిన రోజున ఆ స్త్రీల బాధ కూడా లేనిదైపోలేదు. ఓస్టర్లిన్ గురించి మనకు తెలిసినది దాదాపు అంతా ఆమె వైద్యుడు రాసినదే.