కోయంబత్తూరు యంత్రశిల్పి జి.డి. నాయుడు

మాదాపూరులో ఉద్యోగము చేయుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు, తాను నివసించు భవనపు క్రింది అంతస్తులో, వాహనములు నిలుపు చోట, ఒక మోటారుకారును స్వయముగా కూర్చుచున్నాడు. చట్రము ఒకచోట, ఇంజిను మరియొకచోట, చక్రములు ఇంకొకచోట కొని తెచ్చుకొన్నాడు. మొదటి ఆరునెలలు రాత్రి భోజనమైనంతనే అచటికి దిగిపోయెడివాడట. ఇప్పుడు దానిపై టార్పాలిను కప్పి ఏడాది దాటినది. డబ్బు చాలక కాదు, పని తెలియక కాదు, మనసే దానివైపు పోవుట లేదని మొన్న కనబడినప్పుడు చెప్పుకొని బాధపడినాడు. ఇంజినుల విషయమున తెలుగు పంతులేమి చెప్పగలడు? నేను జి.డి. నాయుడుగారి కథ చెప్పితిని. ఆ పేరు అతడు ఎన్నడును వినలేదట. మన విద్యార్థులలో వినని వారు పెక్కుమంది యుందురని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున కలంగల్ అను గ్రామమున జన్మించిరి. తండ్రి వ్యవసాయదారు. విజయనగర ప్రభువుల కాలమునను, ఆ పిమ్మట నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలిపోయిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున ననేకములు కలవు. ఇంట తెలుగు, వీథిలో తమిళము వారి వాడుక. దొరస్వామి అట్టి ఇంట పుట్టినవాడు. తల్లి చిన్ననాటనే గతించెను. ఉపాధ్యాయులైన పాఠకులు మన్నింతురు గాక, ఈ బాలుడు అయ్యవారి ముఖమున ఇసుక చల్లి బడి విడిచెనని చెప్పుదురు. చదువు మూడవ తరగతితో ముగిసెను. పొలము పనులు చేయుచు, దొరకిన తమిళ పుస్తకములు తనంతట చదువుకొనుచు పెరిగెను.

ఆ దినములలో ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలుపై ఆ పల్లెసీమకు వచ్చెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, బండి మాత్రము పరుగిడుచున్నది! దొరస్వామి చూపు దానిపైనుండి మరలలేదు. అది తనకు కావలెను. కాని కొనుటకు చేత చిల్లిగవ్వ లేదు. అంతట ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనివాడుగా కుదిరెను. సుమారు మూడు సంవత్సరములు అచట పనిచేసి, కూలిడబ్బులు కూడబెట్టి, ఆ మోటారు సైకిలునే ఆ దొరవద్ద కొనెను.

నాయుడుగారి చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఈ ఘట్టమును రెండు వాక్యములలో దాటి, వారు కనిపెట్టిన యంత్రముల పట్టికకు పోవుదురు. నాకు మాత్రము వారి జీవితమున ఇంతకంటె గొప్ప ఘట్టము కనబడదు. మూడేండ్లనగా వేయి దినములకు పైమాట. ఆ వేయి దినములలో ఇనుప ముక్క యొకటి కూడ ఆయన చేతిలో లేదు. బండి బొమ్మ మనసులో నున్నది, అంతియే. కోరిన వస్తువు కంటి యెదుట సగము తయారై యుండగా విసుగు కలుగుచున్నదని వగచు నా శిష్యునకు ఇదియే మొదట చెప్పితిని.

బండి కొన్న పిదప ఆ యువకుడు చేసిన పని మరింత విచిత్రము. దానిపై ఊరేగుటతో తృప్తి పడక, దానిని మర మరగా విప్పివేసెను. విప్పుట ఎవరికైనను సాధ్యమే. బిగించుటలోనే విద్య యున్నది. ముషలకమునకు చుట్టిన కమ్ములు విఱుగకుండ సిలిండరులోనికి ఎక్కింపవలెను. కవాటములు తెఱచుకొను వేళ, మాగ్నెటోనుండి నిప్పురవ్వ పుట్టు వేళ ఒకదానితో నొకటి సరిపోవలెను. చక్రపు పండ్లు రెండు తప్పి కూర్చున్నచో ఇంజిను కదలదు, లేదా వెనుకకు తన్నును. కార్బురేటరులోని సన్నని రంధ్రమున నలుసు పడినను అంతే. చెప్పువాడు లేని ఆ పల్లెటూరివాడు ఈ రహస్యములన్నియు విప్పుచు, బిగించుచు, మరల విప్పుచు నేర్చుకొనెను. తిరిగి బిగించిన బండి కదలినప్పుడు ఆయన మెకానిక్కు అయ్యెను.

ఇంగ్లండులో 1957 మొదలుకొని లోటస్ కంపెనీవారు సెవెన్ అను చిన్నకారును విడిభాగములుగా అమ్మిరి. పూర్తికారుపై వేయు కొనుగోలు పన్ను విడిభాగములపై లేదు. ఐతే కూర్చు విధానమును వ్రాసి యిచ్చినచో పన్ను పడునట. అందుచే విప్పు విధానమును ముద్రించి యిచ్చి, దానిని తుదినుండి మొదటికి చదువుకొమ్మనిరని ఒక ముచ్చట ప్రచారములో నున్నది. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1896 జూన్ 4వ తేదీ తెల్లవారుజామున తన పెరటి కొట్టములో తొలి బండి ముగించెను. చూడగా బండి తలుపులో పట్టదు! గొడ్డలితో గోడ ఇటుకలు పగులగొట్టి వెలికి తీయవలసివచ్చెను. తుదిదాక వచ్చినవానికి గోడ అడ్డమా!

నాయుడుగారి దారి మాత్రము తిన్నగా సాగలేదు. ప్రత్తి వ్యాపారమున కొంత ధనము గడించి, బొంబాయి పోయి, ఉన్నదంతయు పోగొట్టుకొని తిరిగివచ్చిరి. కోయంబత్తూరులోని ఆంగ్లేయ వర్తకుడు రాబర్ట్ స్టేన్స్ వారియందు నమ్మకముంచి అప్పిచ్చెను. ఆ సహాయముతో 1920లో ఒక బస్సు కొని, పొల్లాచి నుండి పళనికి తామే నడపిరి. ఒక్క బస్సుతో మొదలైన యు.ఎం.ఎస్. సంస్థకు 1933 నాటికి 280 వాహనము లుండెను. చెడిన బస్సులను బాగుచేయుటకు పెట్టిన కర్మాగారమే వారికి విశ్వవిద్యాలయము.

ఆ పిమ్మటి సంగతులు మీరు వేరుచోట్ల చదువగలరు గావున క్లుప్తముగా చెప్పెదను. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీలమేడులో విద్యుత్ మోటారు తయారుచేయించిరి. మన దేశమున తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానిని పేర్కొందురు. బ్యాటరీతో నడచు క్షురయంత్రము, కిరోసినుతో తిరుగు పంకా, పండ్లరసము తీయు యంత్రము, 1941లో డెబ్బది రూపాయలకు వచ్చు ఐదు వాల్వుల రేడియో, ఇట్లు ఒకటి వెంట నొకటి. సామాన్యునకు అందు ధర యుండవలెనన్న పట్టుదల అన్నిటియందును కలదు.

1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలుకారును చేసిరి. వెల రెండువేల రూపాయలు. హోటలులో వడ్డన చేసిన కుఱ్ఱవాని కోరిక నలుబది యేండ్లకు నాలుగు చక్రములపై నిలిచినది! కాని ప్రభుత్వము తయారీకి అనుమతి నీయలేదు. అవి పరిశ్రమలకు లైసెన్సు విధానము నెలకొన్న తొలిదినములు. మారుతి చిన్నకారు 1983 డిసెంబరులోను, లక్షరూపాయల కారని పేరొందిన నానో 2008లోను కాని ప్రజల యెదుటికి రాలేదు. నాయుడుగారి కారు అంగడికి వచ్చియున్నచో నిలిచెడిదో లేదో నేను చెప్పజాలను. దానికి పరీక్షయే జరుగలేదు. పరీక్షకు కూర్చుండనీయక తప్పించిన విద్యార్థివలె నయ్యెను.

అధికమైన పన్నులతోను, అనుమతుల చిక్కులతోను విసిగిన వారు ఆ కాలముననే బహిరంగసభలో తమ రేడియోలు మున్నగు వస్తువులను తామే పగులగొట్టించిరి. ఈ పని నాకు రుచింపదు. కష్టపడి చేసిన వస్తువును చేసినవాడే ధ్వంసము చేయుట చూచువారికి దుస్సహము. ఆనాడే విమర్శించినవారును కలరు. ఐనను మహాపురుషులకు విసుగు రాదని పిల్లలకు బోధించుట అబద్ధము చెప్పుటయే యగును గనుక, ఈ సంగతిని దాచక చెప్పుచున్నాను. వారికి విసుగు వచ్చినది, ఊరంతకు తెలియునట్లు వచ్చినది.

కాని కర్మశాల తలుపు మూతపడలేదు. బోధన వారికి యంత్రములంత ప్రీతిపాత్రము. 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయము ఏర్పడినప్పుడు దాని ప్రిన్సిపాలుగా నుండిరి. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువులో కాలము వృథా యగుచున్నదని వాదించి, ఆ వాదము నెగ్గకపోగా తప్పుకొనిరి. కొద్ది వారములలో పని నేర్పు తరగతులు సొంతముగా నడపిరి. మూడవ తరగతి దాటనివాడు కళాశాలకు అధ్యక్షుడగుట, అదియు చదువు ఎక్కువైనదని పోట్లాడి వెలికి వచ్చుట మా వృత్తివారికి కొంత ఇబ్బందికరమైన కథయే! నాలుగేండ్లు అక్కరలేదనుటలో నేను వారితో ఏకీభవింపను. చేయి పెట్టక విద్య రాదనుటలో మాత్రము వాదము లేదు.

1974 జనవరి 4వ తేదీన, ఎనుబది యేండ్ల వయసున, నాయుడుగారు కాలధర్మము నొందిరి. కోయంబత్తూరులో అవినాశి రోడ్డున వారి స్మారక ప్రదర్శనశాలయు, పాతకార్ల ప్రదర్శనశాలయు కలవు. దసరా సెలవులలో పోయి చూచివచ్చెదనని నా శిష్యుడన్నాడు. టార్పాలిను తీసెనో లేదో నేనడుగలేదు.