ముక్త్యాల రాజా

కృష్ణానది పలనాటి కొండల నడుమ లోతైన లోయలో ప్రవహించును. ఒడ్డున నిలిచి ఆ నీటిని కన్నులార చూడవచ్చును గాని, పూర్వము దానిని పొలమునకు మళ్లించుకొనుటకు వీలు లేకుండెను. నది పల్లమునను, నేల మెరకనను ఉండుటయే ఇందుకు కారణము. మాచర్ల, గురజాల, వినుకొండ, దర్శి, అద్దంకి ప్రాంతములలోని నల్లరేగడి నేలలు సారములేనివి కావు. అయినను వానదేవుని కరుణపైననే అచటి పంట ఆధారపడియుండెను. జొన్న, సజ్జ, వరిగ, ఆముదము ఆనాటి మెట్టపైరులు. శ్రీనాథ మహాకవి పలనాటికి వచ్చి, జొన్నకూటితో వేసారి, ఆ సీమను వెక్కిరించుచు చాటువులు చెప్పెనని ప్రతీతి.

వాన తప్పిన ఏడు ఈ సీమకు ఆకలి తప్పకుండెను. 1832-33లో సంభవించిన నందన కరువున గుంటూరు జిల్లా జనములో సుమారు మూడవవంతు నశించెను. ఆ ఘోరము జరిగిన రెండు దశాబ్దములకు బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుటకు పూనుకొనిరి. 1855లో అది పూర్తియై డెల్టా సస్యశ్యామలమయ్యెను. కాని ఆ కాలువలు పల్లపు భూములకే నీరిచ్చెను. మెట్ట మెట్టగనే మిగిలిపోయెను. ఒకే జిల్లాలో ఒక రైతు వరికుప్పలు వేయుచుండగా, మరియొక రైతు మూటాముల్లె నెత్తికెత్తుకొని వలసపోవుచుండెను.

ఈ వ్యత్యాసమును చూచి ఊరకుండలేనివారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్‌గారు ముఖ్యులు. ముక్త్యాల కృష్ణ ఉత్తరపుటొడ్డున, జగ్గయ్యపేటకు సమీపముననున్న గ్రామము. వాసిరెడ్డివారు ఆ సంస్థానమునకు ప్రభువులు. 1948 నాటి చట్టము జమీందారీలను రద్దుచేసెను. అధికారము పోయినను రాజావారికి రైతులతోడి సంబంధము పోలేదు.

ఆ కాలమున గుంటూరు జిల్లా మదరాసు రాష్ట్రములో ఉండెను. 1951 ప్రాంతమున ఆ ప్రభుత్వము కృష్ణా-పెన్నా పథకమును తలపెట్టెను. కర్నూలు జిల్లాలోని సిద్ధేశ్వరమువద్ద కృష్ణకు అడ్డుకట్ట వేసి, ఆ నీటిని పెన్నానదిలోనికి మళ్లించి, దక్షిణమునకు కొనిపోవుట దాని ఉద్దేశము. అది నెరవేరినచో కృష్ణా డెల్టాకు నీరు తగ్గునని రైతులు భయపడిరి. మెట్టవారికిగల ఆశయు అడుగంటిపోవును.

వద్దనుట తేలిక, బదులు చూపుట కష్టము. రాజావారు ఆ కష్టమైన పనికే పూనుకొనిరి. మాచర్లకు ఎగువన నందికొండవద్ద నది ఇరుకైన కొండల నడుమ పారుచున్నది. అచట ఎత్తైన గోడ కట్టినచో నీరు పైకి నిలిచి, ఒకవైపు గుంటూరు మెట్టకును, మరియొకవైపు తెలంగాణమునకును కాలువలద్వారా తనంతట తానే పారగలదు. రాజావారు రైతులను సంఘముగా కూర్చిరి. అనుభవజ్ఞులైన ఇంజనీర్ల సాయమును పొందిరి. తమ ధనమును, కాలమును ఈ పనికే వెచ్చించిరి.

కేంద్రప్రభుత్వము ఈ విషయమును పరిశీలించుటకు ఖోస్లాగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. కాని నందికొండకు బండ్లు పోవు బాట లేదు. చూడని చోటును నిపుణులు ఎట్లు మెచ్చగలరు? అప్పుడు రాజావారి పిలుపునందుకొని చుట్టుపట్టుల గ్రామస్థులు పలుగులు, పారలు, తట్టలు పట్టుకొని వచ్చి, రాళ్లు తొలగించి, పొదలు నరికి, కొలది దినములలోనే కార్లు నడుచుటకు వీలైన దారిని వేసిరని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. కూలికొరకు వచ్చినవారు కారు వారు; తమ బిడ్డల కూటికొరకు వచ్చినవారు. ఖోస్లా సంఘము నందికొండను చూచి, అచట ఆనకట్ట నిర్మింపవచ్చునని 1952లో సిఫారసు చేసెను.

1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. ఆ ఆనకట్టకే నాగార్జునసాగరమను పేరు వచ్చెను. అది రాతికట్టడము. వేలకొలది స్త్రీపురుషులు రాళ్లు మోసి, సున్నితముగా పేర్చి, సుమారు 124 మీటర్ల ఎత్తునకు దానిని లేపిరి. ఈ భాగ్యమునకు మూల్యము చెల్లించినవారును కలరు. జలాశయమున మునిగిన పల్లెలవారు పుట్టిన ఊళ్లను విడిచిపోయిరి. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి శిథిలములు నీటిపాలు కాకుండ కొన్నింటిని కొండమీదికి తరలించిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. 203 కిలోమీటర్ల పొడవుగల కుడికాలువ నేటి పలనాడు, ప్రకాశం మొదలగు జిల్లాల మెట్టకు జీవనాధారమయ్యెను. జొన్నచేలున్నచోట వరి, ప్రత్తి, మిరప పైరులు నిలిచెను.

అయినను నీరు వచ్చినంతనే బీదరికము పూర్తిగా తొలగిపోలేదు. 1980వ దశకపు చివర తెల్లదోమ ప్రత్తిని పాడుచేయగా అనేకులు అప్పులపాలైరి. ఎగువ వానలు లేని యేడు జలాశయము నిండదు. కాలువ చివరి పొలమునకు నీరందదు. అందుచే కాలువల నిర్వహణలో రైతులకు భాగము కల్పించుచు, నీటి సంఘములకొరకు 1997లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టము చేయబడెను. నీటిని పొదుపుగా వాడుట, ఒకే పైరును నమ్ముకొనక పంటలు మార్చుట, చెరువులను కాపాడుకొనుట నేటి రైతు నేర్వవలసిన పనులు. వీనిని పై అధికారులొక్కరే చేయజాలరు.

రాజావారు గతించి చాల కాలమైనది. ఆయనను ప్రజలు మరువకుండుటకు సంస్థానము కారణము కాదు. అక్కర ఎవరిదో వారే ముందుగా నడుము కట్టవలెనని ఆయన గ్రహించిరి. నందికొండ అడవిలో గ్రామస్థులు వేసిన ఆ మట్టిబాట నేడు కానరాకపోవచ్చును. కాని మెట్టచేలకు పారు ప్రతి కాలువకును అదియే మొదలు.