అజంతాను కొయ్యపై అచ్చొత్తిన జపాను చిత్రకారుడు

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ప్రకృతి దృశ్యాలను కొయ్య అచ్చులలో నిలిపిన జపాను కళాకారులలో హిరోషి యొషిదా ప్రముఖుడు. ఆయన మన ప్రాంతానికి పూర్తిగా పరాయివాడు కాడని మా తలంపు. కారణం ముందు మనవి చేస్తాము.

ఆయన 1876లో క్యూషూ ద్వీపంలోని కురుమె పట్టణంలో జన్మించాడు. ఆ బాలుని ప్రతిభను గుర్తించిన చిత్రలేఖన ఉపాధ్యాయుడు దత్తత తీసుకొనగా యొషిదా అన్న ఇంటిపేరు వచ్చింది. 1899లో అమెరికా వెళ్లి డెట్రాయిట్ నగరంలో చిత్రాలను ప్రదర్శించి ఖ్యాతి గడించాడు. నలభై యేళ్లు దాటేవరకు ఆయన కుంచె పట్టినవాడే గాని దిమ్మె పట్టినవాడు కాడు.

1920లో షోజబురో వతనబె అనే ప్రచురణకర్త కోసం తొలిసారి కొయ్య అచ్చుకు చిత్రం గీశాడు. జపానులో చిత్రం గీసేవారు ఒకరు, దిమ్మె చెక్కేవారు ఒకరు, కాగితంపై అద్దేవారు వేరొకరు, పెట్టుబడి ప్రచురణకర్తది. నూలుకు రంగు వేసేవారు, నేసేవారు, సావుకారు వేరువేరుగా ఉండే సిరిసిల్లను ఎరిగిన మనకు ఇది వింత కాదు. 1923 సెప్టెంబరు 1న టోక్యోను భూకంపమూ దాని వెంట అగ్నీ కబళించినప్పుడు వతనబె దుకాణంతో పాటు యొషిదా దిమ్మెలూ భస్మమైనాయి.

ఆయన మళ్లీ అమెరికా వెళ్లాడు. అక్కడ జపాను కొయ్య అచ్చులపై జనానికి గల మక్కువ చూసి, 1925లో తిరిగి వచ్చి, సుమారు యాభయ్యో యేట సొంత కార్యశాల స్థాపించాడు. చెక్కేవారిని, అద్దేవారిని తన కనుసన్నలలో ఉంచుకొని, వారి పనిని తానూ నేర్చాడు. తన పర్యవేక్షణలో అద్దిన ప్రతుల అంచున స్వయంగా అద్దినదని తెలిపే ముద్ర వేసేవాడు. తడిపిన కాగితాన్ని దిమ్మెపై పరచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో రుద్దుతారు. ఒక్కొక్క చిత్రానికి ముప్పై సార్ల వరకు, కొన్నిటికి వంద సార్ల దాకా! ఒక్కసారి కాగితం వెంట్రుకవాసి జరిగినా అంతవరకు పడిన శ్రమ వృథా. 1926 నాటి తెరచాప పడవల చిత్రాలు మాకు మిక్కిలి ఇష్టం. దిమ్మెలు అవే, రంగులు మార్చి ఉదయాన్ని, మధ్యాహ్నాన్ని, మంచును, రాత్రిని వేరువేరుగా చూపాడు.

1930 చివర జ్యేష్ఠ పుత్రుడు తోషితో భారతదేశ యాత్రకు బయలుదేరాడు. తాజ్‌మహల్‌ను, మధురను, కాశీని చూచాడు. అజంతా, ఎల్లోరాలకూ వెళ్లాడు. ఆ గుహలు ఆనాడు నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు జిల్లావి. మన గొల్లపల్లి అదే రాజ్యంలోని కరీంనగరు జిల్లాది. ఆ రాజ్య పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దాని అజంతా చిత్రాలపై బృహద్గ్రంథపు తొలి భాగాన్ని వెలువరించిన సంవత్సరం కూడా 1930యే. యాత్రానంతరం యొషిదా ఆ రెండు క్షేత్రాలనూ కొయ్య అచ్చులలోకి దించాడు. మన పెద్దలు నివసించిన రాజ్యపు కొండలు ఆ విధంగా జపాను కాగితం మీద వెలిశాయి.

1939లో తన పద్ధతిని ఆంగ్ల గ్రంథంగా వెల్లడించి, 1950లో కన్నుమూశాడు. కుమారులు తోషి, హొదాకా ఆ పనిని కొనసాగించారు. మేము చూచినవి పుస్తకాలలోని ప్రతిరూపాలే. ఆ బిళ్ల ఒత్తిడికి కాగితంలో పడే జాడలు వాటిలో కానరావు.