డోర్నకల్ అయ్యగారు

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని మన పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగారు. నేను సంఘ కాపరిని కాబట్టి మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి గురించే రాస్తానని వాళ్లు అనుకొని ఉంటారు. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, అన్నం పెట్టి ఆ గుడి కట్టించిన కథ, 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించిన కథ మన ఉమ్మడి మెదక్ జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. నేను ఎంచుకున్నది ఇంకొకరిని. ఆయన దొర కాదు, మనవాడే. పాస్టరు కొడుకు, ఆరుగురు పిల్లల తండ్రి. భారతదేశంలో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయగం సామ్యూల్ అజరయ్య గారు. విజయవాడలో ఆయన పేరుతో బాలికల హైస్కూలు ఉంది. మన వైపు మాత్రం ఆయన పేరు చాలామందికి తెలియదు.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళ దేశం దక్షిణపు కొసన, తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తాటిచెట్ల నేల అది. తండ్రి థామస్ వేదనాయగం గారు హిందూ కుటుంబంలో పుట్టి, చదువుకునే రోజుల్లో క్రైస్తవుడై, తర్వాత పల్లెల్లో పాస్టరుగా పనిచేశారు. తల్లి పేరు ఎల్లెన్. ఒక కూతురు పుట్టాక ఏళ్ల తరబడి ఆ దంపతులకు మళ్లీ సంతానం లేదు. ప్రార్థించగా పుట్టిన కొడుకని, బైబిల్లో హన్నా తన బిడ్డకు పెట్టిన పేరే ఆమె కూడా పెట్టుకుంది.

ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలి. బైబిల్లో సమూయేలు పెరిగింది ఏలీ అనే యాజకుడి దగ్గర. ఆ ఏలీ సొంత కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు గుడిలోనే ఉంటూ చెడిపోయారు. ఊరి పిల్లవాణ్ణి ప్రవక్తను చేసిన పెద్దమనిషి ఇంట్లో పిల్లలను దిద్దుకోలేకపోయాడు. పోనీ సమూయేలు కొడుకులైనా బాగుపడ్డారా అంటే, వాళ్లు లంచాలు పట్టారు. ఈ అధ్యాయాలు చదివేటప్పుడు ఏ పాస్టరుకైనా గొంతు కాస్త తగ్గుతుంది. పాస్టరు పిల్లలంటే ఊరందరి కళ్లు వాళ్ల మీదే ఉంటాయి. బట్టలు, మార్కులు, స్నేహాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. తండ్రి మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మూడు షిఫ్టులు. మా సంఘస్థులకు కష్టం ఏ షిఫ్టులోనైనా రావచ్చు, అప్పుడు అయ్యగారు వెళ్లాల్సిందే. అందుకే అజరయ్య గారి జీవితం చదివినప్పుడల్లా నేను ఆ ఇంటి వైపే చూస్తాను.

ఆయన ఇంకా చదువుకునే వయసులోనే తండ్రి పోయారు. తల్లి పెంపకంలో, బోర్డింగు బడుల్లో పెరిగారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు గాని డిగ్రీ చేతికి రాలేదు. సరిగ్గా పరీక్షల వేళకు జబ్బు చేసింది. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఈ సంగతి మన లెక్కల సార్లు చదివి నవ్వుకుంటారని ఆశిస్తున్నాను, ఎందుకంటే ఆగిపోయింది లెక్కల పరీక్ష దగ్గరే.

1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి దక్షిణాది అంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని కట్నం లేకుండా పెళ్లి చేసుకున్నారు. నూట పాతికేళ్ల కిందటి మాట ఇది! ఆమె కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఒకరు. 1902లో శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సువార్త పని చేయడం చూశారు. మనం ఎందుకు చేయకూడదని 1903లో తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం, 1905లో సెరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం స్థాపనకు కారకులయ్యారు. తిరునెల్వేలి సంఘం పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

ఇతరులను పొమ్మని చెప్పి తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో అభిషేకం పొంది, పేరున్న ఉద్యోగం వదిలి డోర్నకల్ వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దారు. మొదట్లో కాపురం గుడారంలో. తర్వాత ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన పల్లెలు తిరిగారు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు.

మరి ఆ ఆరుగురు పిల్లల సంగతి? తండ్రి రోజుల తరబడి పల్లెల్లో ఉంటే ఇల్లు నడిపింది అన్బు గారు. ఇంటితో ఆగకుండా ఆ ప్రాంతపు స్త్రీల మధ్య సంఘ పని కూడా ఆమె తన పనిగా చేశారు. ఇంతటి మనిషికి జీవిత చరిత్రలు రాసేవాళ్లు ఒక పేరా ఇచ్చి ముందుకు వెళ్లిపోతారు. నాకది న్యాయంగా అనిపించదు. మన వైపు కాపరిని అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని పిలవడం ఉత్త మర్యాద కాదు. సంఘానికి ఇద్దరూ కావాలి.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య గారు మాట్లాడిన మాటలు చాలామంది దొరలకు రుచించలేదు. మిషనరీలు మన దేశం కోసం ఎంతో త్యాగం చేశారని ఒప్పుకుంటూనే, భారతీయ సేవకులను వాళ్లు సాటి మనుషులుగా ఇంటికి పిలిచి భోజనం పెట్టడం అరుదని, తమకు కావలసింది స్నేహమని ఆయన తేల్చి చెప్పారు. ఇక్కడ అసలు విషయం తండ్రితనమే. దొరలు తమను తండ్రులనుకున్నారు. నిజానికి ప్రేమగల తండ్రులే చాలామంది. కాని కొడుకుకు ముప్పై ఏళ్లు వచ్చినా ఇంటి తాళంచెవి ఇవ్వని తండ్రి లాంటివాళ్లు.

రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి సాధించిన పని అది. తెల్లవాళ్లలో కొందరు వద్దన్నారు. మనవాళ్లలో కూడా కులం చూసి వద్దన్నవాళ్లు ఉన్నారు. ఈ రెండో మాటను సావనీర్లలో సాధారణంగా రాయరు. నేను రాస్తున్నాను.

ఇప్పుడు తాళంచెవి ఆయన చేతికి వచ్చింది. ఆయన ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. పల్లె కుర్రవాళ్లకు చదువు చెప్పించి ఉపదేశకులను చేశారు, వాళ్లలో నిలిచినవాళ్లను పాస్టర్లను చేశారు. 1935 నాటికి డోర్నకల్ డయాసిస్‌లో 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి చేత, తన చెయ్యి తన తల మీదే పెట్టించి, ఈ సువార్త నేను కూడా చెప్పకపోతే నాకు శ్రమ అని ఒట్టు వేయించేవారు. పేదవాళ్ల సంఘమైనా ఇవ్వడం నేర్చుకోవాలనేవారు, దాని మీద ఒక పుస్తకమే రాశారు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం మన తెలుగు సంఘాల్లో పెద్దవాళ్లందరికీ తెలిసిన అలవాటే.

ముద్దు చేసే తండ్రి కాదు ఆయన. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటినీ పల్లెల శత్రువులుగా పెట్టుకొని పోరాడారు, సంఘ క్రమశిక్షణ గట్టిగా నడిపారు. మన కంది, సంగారెడ్డి వైపు చూస్తే మొదటి రెండింటి మీద నల్లా నీళ్లు, ఆస్పత్రులు వచ్చి కొంత గెలిచాం. అప్పు, తాగుడు మాత్రం జీతం రోజున ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటాయి. తండ్రి తాగి వచ్చే ఇంట్లో పరలోకపు తండ్రి అన్న మాట పిల్లలకు ఎలా వినిపిస్తుందో, సండే స్కూలు నడిపేవాళ్లకు తెలుసు.

రాజకీయాల్లోనూ ఆయనది సొంత దారే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గాలు వద్దన్నారు, అవి మనల్ని పక్క ఇంటివాళ్ల నుంచి విడదీస్తాయని. మతమార్పిడి విషయంలో గాంధీ గారితో మాత్రం విభేదించారు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథెడ్రల్ చూసినవాళ్లకు తెలుస్తుంది. గోపురాలు, మినార్లు మసీదును, స్తంభాలు గుడి మంటపాన్ని గుర్తుచేస్తాయి. పని దాదాపు పాతికేళ్లు సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మెదక్ చర్చి ఆకాశం వైపు చూపిస్తుంది. ఇది చుట్టూ ఉన్న ఊళ్ల వైపు చూసినట్టుంటుంది. అందంలో మెదక్‌దే పైచెయ్యి అని నేను ఒప్పుకుంటాను, మన జిల్లా అభిమానం అనుకోండి.

సంఘాలు విడివిడిగా ఉండడం ఆయనకు చివరిదాకా బాధే. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల నాయకులు కూర్చొని ఐక్యతకు పిలుపునిచ్చినప్పుడు ముందున్నవారిలో ఆయన ఒకరు. ఆ పని కోసం పాతికేళ్లు తిరిగారు. ఫలితం కళ్లారా చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. పోస్నెట్ గారి వెస్లియన్ సంఘాలు, డోర్నకల్ సంఘాలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి, మన మెదక్ డయాసిస్ దానిలోదే. జహీరాబాదు, బీదరు వైపు మెథడిస్టులు మాత్రం విడిగానే ఉండిపోయారు.

ఇప్పుడు ఆదివారం ఉదయం మా ఆరాధనకు వచ్చేవాళ్లలో మెదక్ పల్లెలవాళ్లు, ఫ్యాక్టరీ పనుల కోసం ఖమ్మం, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, జహీరాబాదు మెథడిస్టులు పక్కపక్కన కూర్చుంటారు. ఎవరు ఏ సంఘమో పిల్లలకు పట్టదు. వాళ్లు చాప మీద ముందు వరుస కోసం పోట్లాడుకుంటారు.

మా బ్యాచ్ వాళ్లం స్వర్ణోత్సవం హడావుడి అయ్యాక ఒకసారి డోర్నకల్ వెళ్లాలని అనుకుంటున్నాం. సికింద్రాబాదు నుంచి కాజీపేట మీదుగా విజయవాడ వెళ్లే రైలు దారిలోనే ఆ జంక్షన్ ఉంది. పిల్లల్ని కూడా తీసుకొస్తామంటే మరీ సంతోషం. రాదలచినవాళ్లు సంఘం కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వండి.